నేల చల్లబడిన రాత్రి

పుష్యమాసపు వేకువజామున రైలుకిటికీనుండి చూచినవారికి ఈ దృశ్యము పరిచితమే. ఊరి పొయ్యిల పొగ తాటిచెట్ల తలల నందకమునుపే ఆగి, పొలములపై పలుచని తెరవలె అడ్డముగా పరచుకొనియుండును. పైన మబ్బు తునకయైన లేదు. మఱి పొగను ఆపినదేమి?

సూర్యరశ్మి గాలిని నేరుగా వేడిచేయుట స్వల్పము. అది నేలను వేడిచేయును. నేల తన్నంటిన గాలిని వేడిచేయును. వైశాఖమాసపు మధ్యాహ్నమున దున్నిన చేనిమీది గాలి వేడెక్కి, తేలికయై పైకి లేచును. పైకి పోయినకొలది పీడనము తగ్గుటచే వ్యాకోచించి చల్లబడును. పొడిగాలియైనచో కిలోమీటరునకు సుమారు 10 డిగ్రీలు చల్లబడును. అట్లు చల్లబడియు చుట్టునున్న గాలికంటె వెచ్చగనే యున్నచో ఆగక పైకి పోవుచుండును. ఇదియే అస్థిర వాతావరణము. గాలిలో తేమ యున్నచో, ఆవిరి నీటిబిందువులగునపుడు వెలువడు వేడిమి దానిని మఱింత పైకి తోయును. సాయంకాలమున ఉఱుములతో విరుచుకొనిపడి మామిడికాయలను రాల్చు గాలివానలు పెక్కింటికి మూలము ఇదియే.

రాత్రి వ్యవహారము తలక్రిందులగును. మబ్బులేని, గాలి వీచని చలిరాత్రి నేల తన వేడిని ఆకాశమునకు వదలి వేగముగ చల్లబడును. దానినంటిన గాలియు చల్లనై బరువెక్కును. కొంత ఎత్తున వెచ్చనిగాలి నిలిచియుండును. దీనిని ఉష్ణోగ్రతా విలోమ మందురు. క్రిందిగాలి కొంచెము పైకి లేచినను, అచ్చటి తేలికగాలి నడుమ నిలువజాలక మరల దిగజారును. పొగపై కనబడని మూత ఇదియే. ఇట్టి మూతవలన ఒక్కొక్కప్పుడు ఎఫ్.ఎం. తరంగములు వంగి, ఎన్నడు నందని దూరకేంద్రములు వినబడుట మా వృత్తిలోని చిన్న వినోదము.

అన్నివేళల అది వినోదము కాదు. 1984 డిసెంబరు 2వ తేది అర్ధరాత్రివేళ భోపాలులోని యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారమునుండి మిథైల్ ఐసోసయనేట్ వెలువడినది. ఆ వాయువు గాలికంటె సుమారు రెట్టింపు బరువైనది. ఆనాటి రాత్రి చల్లనిది, గాలి మందము, పైన విలోమపు మూత. విషము పైకి చెదరక, కర్మాగారము నానుకొనిన బస్తీలలో, నేలపై నిద్రించు మనుష్యుల ఎత్తుననే ప్రాకినది. వేలమంది మరణించిరి. దోషము మానవుల నిర్లక్ష్యమునది. ఆకాశమును నిందించుట న్యాయము కాదు. అయినను అదే వాయువు వేసవి మధ్యాహ్నమున వెలువడినచో, కొంతయైనను పైగాలితో కలిసి పలుచబడియుండెడి దని మేము తలంతుము.

ఎండ నేలను తాకిన కొంతసేపటికి ఆ మూత అడుగునుండి కరుగ నారంభించును. తాటిచెట్లమీది పొగతెర మొదట అలలుగా కదలి, పిదప చీలికలై పైకి పోవును.