చేపలు లేని తొట్టిలో పగడాలు బతుకుతాయా?

అండమాన్ దీవుల్లోని జాలీబాయ్ దగ్గర, అడుగున గాజు బిగించిన పడవలోంచి సముద్రంలోకి చూశారనుకోండి. పగడాల చుట్టూ రంగురంగుల చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటివల్ల పగడాలకు లాభమేమిటి?

పగడం మొక్క కాదు, జంతువు. దాని కణాల్లో సూక్ష్మమైన శైవలాలు నివసిస్తాయి. అవి సూర్యరశ్మితో చక్కెర తయారుచేసి పగడానికి అందిస్తాయి. కాని చక్కెర ఒక్కటే చాలదు. నత్రజని, భాస్వరం కూడా కావాలి. ఇవి చేపల విసర్జనలో ఉంటాయి. చేపల గుంపులు విశ్రమించే పగడాలు త్వరగా పెరుగుతాయని 1983లో ప్రచురితమైన కరీబియన్ సముద్ర పరిశీలన తెలిపింది.

చేపలు లేని ఉప్పునీటి తొట్టిలో ఆ పని మనిషే చేయాలి. ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి పిల్లలను మేతగా వేయాలి. నైట్రేటు, ఫాస్ఫేటు బొత్తిగా లేకపోతే పగడాలు పాలిపోతాయి. మితిమీరితే నాచు కమ్మేస్తుంది. నాచు మేయడానికి నత్తలు ఉండాలి. నీరు ఆవిరైనా ఉప్పు మిగిలిపోతుంది కనుక, తగ్గిన మేరకు ఉప్పులేని శుద్ధజలమే పోయాలి. నీరు వేడెక్కకూడదు. 2010లో సముద్రం వేడెక్కినప్పుడు అండమాన్ పగడాలు తెల్లబారాయి.

మన దేశంలో రాతి పగడాలను సముద్రం నుంచి తీయడం చట్టరీత్యా నేరం. తొట్టిలో కొరవడినదాన్ని మనం చేర్చగలం. సముద్రంలోనే చేపలు తరిగిపోతే, ఎవరు చేర్చగలరు?