మొరాయించు కంప్యూటరు

బాలలారా! కంప్యూటరు ఒక్కొకప్పుడు ఆరంభమునందును ముగింపునందును కదలక నిలిచిపోవును. దీనికి కారణమేమి?

మీట నొక్కినంతనే అది మెమరీ, డిస్కు మున్నగువానిని పరీక్షించుకొని, డిస్కునుండి ఆపరేటింగు సిస్టమును మెమరీలోనికి తెచ్చుకొనును. ఆపునపుడు ప్రోగ్రాములను ముగించి, మిగిలిన సమాచారమును డిస్కుపై వ్రాయును. ఈ రెండు వేళలందును పరికరములు బదులు పలుకవలెను. ఒక్కటి పలుకకున్నను, బంతిలో ఒకరి భోజనము ముగియువరకు తక్కినవారు లేవనట్లు, పని యంతయు ఆగిపోవచ్చును.

అప్పుడు తొందరపడి తీగ లాగరాదు. వ్రాత సాగుచుండగా విద్యుత్తు ఆగినచో ఫైళ్లు చెడవచ్చును. కొంతసేపు ఓపికపట్టుడు. అప్పటికిని కదలకున్న, పవరు మీటను సుమారు 10 సెకనులు నొక్కిపట్టి ఆపుడు. పిదప పెన్‌డ్రైవు, ప్రింటరు వంటివానిని తీసివైచి మరల ఆరంభింపుడు. చక్కగా నడచినచో, వానిని ఒక్కొక్కటిగా తగిలించి చూడుడు, దోషమెందున్నదో తెలియును.

అట్లును మొరాయించినచో సేఫ్ మోడులో తెరువుడు. అందు అత్యవసరమైన భాగములే పనిచేయును. అందు సరిగా నడచినచో, ఇటీవల చేర్చిన ప్రోగ్రామునో డ్రైవరునో శంకింపవలెను. అందును నిలిచిపోయినచో డిస్కో మెమరీయో చెడియుండవచ్చును, నేర్పరికి చూపుడు.

ఒకేసారి రెండు మార్పులు చేయకుడు. ఏది నయము చేసినదో తెలియదు. అన్నిటికంటె ముందు, కంప్యూటరు తెరచుకొన్నంతనే మీ వ్రాతలకు వేరొకచోట ప్రతి తీసికొనుడు. యంత్రమును మరల కొనవచ్చును. పోయిన వ్రాతను కొనజాలము.