ముడి వాడే వెయ్యాలి!

ఎడమచేత్తో కరచాలనం చేసుకునే పిల్లల్ని ఎప్పుడైనా చూశారా? మెడలో స్కార్ఫ్, చొక్కా మీద బ్యాడ్జీలు... చూడముచ్చటగా ఉంటారు స్కౌట్లు, గైడ్లు. ఒక్కో బ్యాడ్జీ వెనకా నెలల తరబడి సాధన ఉంటుంది. మరి, ఆ సాధన చేయించే పెద్దవాళ్ల సంగతి? వాళ్లే స్కౌట్ మాస్టర్లు, గైడ్ కెప్టెన్లు. చాలాచోట్ల రోజంతా పాఠాలు చెప్పే మాస్టారో టీచరమ్మో బడి వదిలాక ఈ బాధ్యతనూ భుజాన వేసుకుంటారు.

అందరూ ఎక్కే మెట్లు

మన దేశంలో స్కౌట్ సంఘాలు కలిసి 1950 నవంబరు 7న ‘భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్’కు రూపం వచ్చింది. ఇందులో చేరిన పిల్లలు ముందు ‘ప్రవేశ్’ పూర్తి చేయాలి. ప్రతిజ్ఞ, నియమాలు, వందనం చేసే పద్ధతి నేర్చుకోవడమన్నమాట. ఆ తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు. ఆపైన రాజ్య పురస్కార్. అన్నిటికన్నా పైమెట్టు రాష్ట్రపతి పురస్కారం.

తాళ్లతో ముళ్లు వేయడం, ప్రథమ చికిత్స, దిక్సూచి చూసి దారి పట్టడం, ఆరుబయట వంట... మెట్టు పెరిగేకొద్దీ పనులూ పెరుగుతాయి. తరగతిలో ఫస్టు ర్యాంకు ఒక్కరికే. ఇక్కడ అలా కాదు, పని చేసి చూపించిన ప్రతివారూ పైకి వెళ్తారు. పక్కవాడితో పోటీ లేదు. నిన్నటివరకూ రానిది ఇవాళ వచ్చిందా... అంతే లెక్క!

చేసిపెడితే చేటే

రీఫ్ ముడినే తీసుకోండి. ముందు ఎడమ కొస మీదుగా కుడి కొస, తర్వాత కుడి కొస మీదుగా ఎడమ కొస. రెండుసార్లూ ఒకేవైపు తిప్పారా... ముడి జారిపోతుంది. గాయానికి కట్టు కట్టేటప్పుడు వాడేది ఈ ముడే. చదునుగా ఉంటుంది కాబట్టి ఒంటికి ఒత్తుకోదు. ఈ ముడి కోసం పిల్లాడు పదిసార్లు తంటాలు పడుతుంటే ‘ఇలా తే, నేను వేస్తా’ అనేస్తాం మనం. మంచి స్కౌట్ మాస్టర్ ఆ మాట అనరు. మళ్లీ చేసి చూపిస్తారు, తాడు వాడి చేతికే ఇస్తారు. ముడి వాడే వెయ్యాలి!

అందరూ ఒక్కలా ఉండరు. ఒకడికి ముళ్లన్నీ గంటలో వచ్చేస్తాయి, నలుగురి ముందు నిలబడితే నోరు పెగలదు. ఇంకో అమ్మాయి గలగలా మాట్లాడుతుంది, పొయ్యి వెలిగించాలంటే భయం. ఎవరికి ఎక్కడ చెయ్యందించాలో, ఎక్కడ వదిలేయాలో కనిపెట్టడమే నాయకుడి నేర్పు.

అందుకు ఆసరా జట్టు పద్ధతి. 1907లో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ 20 మంది దాకా అబ్బాయిలతో తొలి శిబిరం పెట్టినప్పుడే వాళ్లను చిన్న జట్లుగా విడదీశారు. ఇప్పటికీ అంతే. ఆరుగురి నుంచి ఎనిమిదిమంది దాకా ఒక పెట్రోల్, దానికి పిల్లల్లోంచే ఒక లీడర్. మాస్టారు లీడర్లకు నేర్పితే, వాళ్లు తమ్ముళ్లకు నేర్పుతారు. తనకు వచ్చింది ఇంకొకరికి చెప్పగలిగితేనే అది నిజంగా వచ్చినట్టు కదా!

సంతకం పెట్టేముందు...

అసలు పరీక్ష నాయకుడికే. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్, గైడ్స్ కోటా ఉంది. దాంతో ‘ఎలాగోలా సర్టిఫికెట్ వచ్చేలా చూడండి సార్’ అనే అమ్మానాన్నలూ ఉంటారు. వాళ్ల ఆశను తప్పుపట్టలేం. కానీ కట్టు కట్టడం రాని పిల్లాడి లాగ్‌బుక్‌లో ‘వచ్చు’ అని సంతకం పడితే? రేపు రోడ్డు మీద ఎవరో రక్తమోడుతూ పడి ఉంటే, స్కార్ఫ్ వేసుకున్న పిల్లాడివైపే అందరూ చూస్తారు. అప్పుడు కాగితం ఆదుకోదు. ‘ఇంకా రాలేదు నాన్నా, వచ్చేవారం మళ్లీ చూద్దాం’ అనడం కష్టమే. పిల్లాడి మనసు చిన్నబోకుండా ఆ మాట చెప్పడం ఇంకా కష్టం. కానీ అలా ఆగి సాధించిన బ్యాడ్జీనే పిల్లలు పదిమందికీ గర్వంగా చూపించుకుంటారు.

పరీక్షలు పిల్లలకేనా? పెద్దలకూ బేసిక్, అడ్వాన్స్‌డ్ శిక్షణలున్నాయి. ఆ పైది హిమాలయా వుడ్ బ్యాడ్జ్. సాధించినవారి మెడలో చిన్న చెక్కపూసలు కనిపిస్తాయి. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. అక్కడ శిక్షణకు వెళ్లే మాస్టర్లూ పెట్రోళ్లుగా విడిపోయి, గుడారాల్లో ఉంటూ పిల్లల్లాగే పనులు చేయాల్సిందే.

మీ ఇంట్లోనూ స్కౌటో గైడో ఉన్నారా? ‘ఎన్ని బ్యాడ్జీలొచ్చాయి’ అని అడక్కండి. ‘ఈ వారం ఏం నేర్చుకున్నావు, ఏదీ చేసి చూపించు’ అనండి. ఓ ఆదివారం పూట వంటింటిని వాళ్లకే అప్పగించండి. ఉప్పు కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు, మీరు మాత్రం గరిటె అందుకోకండి!