రొమ్ము క్యాన్సరు పరీక్షలు: మేలును కొలుచు విధము

మన పెద్దలు రాచపుండు అని పిలిచిన క్యాన్సరు, స్త్రీలకు ఎక్కువగా రొమ్మునందు వచ్చుచున్నది. చేతికి గడ్డ తగులకముందే దానిని మామోగ్రాము అను ఎక్సురే చిత్రములో కనుగొనవచ్చును. అయితే లక్షలాది స్త్రీలకు ఇట్టి పరీక్ష జరిపించు దేశము, దానివలన మేలు కలుగుచున్నదని యెట్లు తెలిసికొనును? ఇంగ్లండును ఉదాహరణముగా గైకొని వివరింతుము.

అచ్చట ఈ పథకము 1988లో ప్రారంభమయ్యెను. 50 మొదలు 71 ఏండ్లు నిండువరకు స్త్రీలకు మూడేండ్లకొకసారి పిలుపు పత్రము పంపుదురు. పథకపు పనితీరును ముఖ్యముగా నాలుగు ప్రశ్నలతో పరిశీలింతురు. మొదటిది, పిలిచినవారిలో ఎందరు వచ్చిరి? నూటికి 70 మంది కనీసము, 80 మంది ఆదర్శము. రెండవది, అనుమానముతో ఎందరిని మరల పిలిచిరి? ఎక్కువైనచో నిష్కారణమైన భయము. మరీ తక్కువైనచో వ్యాధి కంటబడక తప్పిపోయి యుండవచ్చును. మూడవది, కనుగొన్న క్యాన్సరులలో 15 మిల్లీమీటర్ల కంటె చిన్నవి ఎన్ని? నాలుగవది మిక్కిలి ముఖ్యము: వ్యాధి లేదని చెప్పి పంపినవారిలో, తరువాతి పిలుపునకు లోపల ఎందరికి అది బయటపడెను? వారి పాత చిత్రములను తిరిగి చూచి, పొరపాటు జరిగినదా యని విచారింతురు.

పరీక్షలో వ్యాధి బయటపడినవారు ఎక్కువ యేండ్లు బ్రదికినచో అది చాలదా యని కొందరడుగవచ్చును. చాలదు. ఒక స్త్రీకి 62వ యేట వ్యాధి తెలిసి, 65వ యేట మరణించెననుకొందము. ఆమెకే పరీక్షవలన 58వ యేట తెలిసి, 65వ యేటనే మరణించినచో, మూడేండ్లు ఏడేండ్లుగా కనిపించును. ఆయువు మాత్రము ఒక దినమైనను పెరుగలేదు. కావున పరీక్షకు పిలిచిన వర్గములోను, పిలువని వర్గములోను మరణములనే పోల్చవలయును. స్వీడనులో 1977లో మొదలైన ప్రయోగమున ఇట్లు పోల్చగా, ఈ వ్యాధి మరణములు నూటికి సుమారు 30 తగ్గినవని 1985లో వెల్లడియైనది.

నష్టమును కూడ లెక్కింపవలయును. 50 ఏండ్ల స్త్రీలను 10,000 మందిని 20 ఏండ్లపాటు పిలిచినచో 43 మరణములు తప్పుననియు, కాని ఎన్నడును బాధింపని క్యాన్సరునకు 129 మంది చికిత్స పొందుదురనియు 2012లో బ్రిటనునందు మార్మటు గారి సంఘము అంచనా వేసెను.

మన దేశమున 2016 నాటి మార్గదర్శకములు 30 మొదలు 65 ఏండ్ల స్త్రీలకు ఐదేండ్లకొకసారి, శిక్షణ పొందినవారు చేతితో చేయు పరీక్షను విధించినవి. ముంబయిలో టాటా ఆసుపత్రివారు 1998లో ఆరంభించిన ప్రయోగమున, ఇట్టి పరీక్షవలన 50 ఏండ్లు దాటినవారిలో ఈ వ్యాధి మరణములు నూటికి సుమారు 30 తగ్గినవని 2021లో ప్రకటించిరి.

విద్యార్థులారా! పిలిచినను రానివారికి ఏ పరీక్షయు మేలు చేయజాలదు. మన ఇండ్లకు వచ్చు ప్రకటనలు తరచుగా రాష్ట్రభాషలో నుండును. మన తల్లులలో పలువురు తెలుగు మాత్రమే చదువగలరు. వానిని చదివి అమ్మకు, అమ్మమ్మకు తెలుగున వివరింపుడు. గడ్డ కనిపించినచో పిలుపునకై వేచియుండక, వెంటనే వైద్యునికి చూపవలయునని కూడ చెప్పుడు.