నా జీతం మాటేమిటక్కా?

2009 మార్చి, ఒక శుక్రవారం సాయంత్రం. అప్పట్లో ఇక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలే కదా! ఉగాది కార్యక్రమానికి పిల్లల చేత డాన్సు ప్రాక్టీసు చేయిస్తుంటే ఫోన్ వచ్చింది. కడప జిల్లా అమ్మాయి ఒకామె ఊరికి తిరిగి వెళ్ళిపోతోంది, టికెట్‌కి కొంత డబ్బు తక్కువైంది, తోడుగా తెలుగు వచ్చిన ఆడమనిషి ఎవరైనా వస్తారా అని. నేనూ, మా స్నేహితురాలూ బయల్దేరాం.

పాతికేళ్ళు కూడా ఉండవు. ఇంటిపని అని చెప్పి విజిట్ వీసా మీద తీసుకొచ్చారు. దిగిన రోజే పాస్‌పోర్టు లాక్కున్నారు. తర్వాతది పాఠకులు ఊహించగలరు, నేను రాయను. ఏడు నెలల తర్వాత పోలీసులు ఆ ఫ్లాట్ తలుపు తెరిపించారు. మనుషుల అక్రమ రవాణా మీద ఈ దేశం 2006లో తెచ్చిన చట్టం కింద ఆమెను బాధితురాలిగా గుర్తించారు. కాబట్టి ఆమె మీద కేసు లేదు, తలదాచుకోవడానికి చోటు దొరికింది.

మేం ఓదార్పు మాటలు మూటగట్టుకుని వెళ్ళాం. ఆమె అడిగింది ఒక్కటే. "నా జీతం మాటేమిటక్కా? ఏడు నెల్లది. వీసా బాకీ, రూము బాడుగ, తిండి అని అంతా వాళ్ళే పట్టుకున్నారు. ఇంటికి ఒక్క రూపాయి పంపలేదు."

నిజం చెప్పాలంటే నాకు చిరాకేసింది. ఇంత జరిగాక కూడా డబ్బు గురించేనా అనుకున్నాను. తిరిగి వస్తుంటే కారులో మా స్నేహితురాలు అంది: "మనం మాత్రం ఇక్కడికి ఎందుకొచ్చామే?" నా దగ్గర జవాబు లేదు. మన వేదికల మీద 'కన్యాశుల్కం' వేస్తే మధురవాణికి చప్పట్లు కొట్టి మురిసిపోతాం. నిజం మనిషి లెక్క అడిగితే మాత్రం ముఖం చిట్లిస్తాం.

అప్పట్నుంచీ ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. యూఏఈలో వ్యభిచారం నేరం. ఇక్కడ అతిథులుగా ఉంటున్న మనం పాటించాల్సిన చట్టం అది, దాని మీద నా వ్యాఖ్యానం ఏమీ లేదు. నేను మాట్లాడేది మన దేశం గురించి. ఈ పనిని నేరాల పట్టీలోంచి తీసేస్తే ఆ ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయా, వాళ్ళ మాటకు విలువ పెరుగుతుందా అన్నది.

చిత్రమేమిటంటే, మన దేశంలో ఒళ్ళు అమ్ముకోవడం దానికదే నేరం కాదు. 1956 నాటి చట్టం శిక్షించేది దాని చుట్టూ ఉన్నవాటిని. గిరాకీని పిలవడం నేరం. ఇద్దరు ఆడవాళ్ళు తోడుంటుందని ఒకే గదిలో ఈ పని చేసుకుంటే ఆ గది 'బ్రోతల్' అయిపోతుంది. ఇల్లు తెలిసి అద్దెకిచ్చినవాడూ నేరస్తుడే. ఇక ఆ భయానికి తగ్గ ధర అద్దెలో కలపకుండా ఉంటాడా? నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నాలుగో సెక్షన్. పద్దెనిమిదేళ్ళు దాటిన ఎవరైనా తెలిసి ఆమె సంపాదన మీద బతికితే రెండేళ్ళ దాకా జైలు. బ్రోకర్ల కోసం రాసిన సెక్షనే. కానీ అక్షరాలా చదివితే తల్లి డబ్బుతో డిగ్రీ చదువుకునే కొడుక్కీ వర్తిస్తుంది. నెలనెలా ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి ఇంటికి డబ్బు పంపే మనకు దీని బరువు వేరే చెప్పాలా?

డబ్బు ఎగ్గొడితే కోర్టుకు వెళ్ళడానికీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం నీతిబాహ్యమైన ఒప్పందం చెల్లదు. అక్కడిచ్చిన ఒక ఉదాహరణ, కూతుర్ని ఉంపుడుగత్తెగా అప్పగించే ఒప్పందం. శిక్షాస్మృతి కింద అది శిక్షార్హం కాకపోయినా సరే, చెల్లదంటుంది. అంటే నేరం కాదన్నంత మాత్రాన బాకీ వసూలు కాదు. మా కడప అమ్మాయి ప్రశ్నకు నూటయాభై ఏళ్ళ క్రితమే రాసిపెట్టిన జవాబు అది!

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించినది మన తెలుగువారైన జస్టిస్ లావు నాగేశ్వరరావు. కలకత్తాలో 1999లో జరిగిన ఒక సెక్స్ వర్కర్ హత్య కేసు చివరికి అక్కడిదాకా వచ్చింది. టీవీలు 'ఇక ఇది కూడా వృత్తే' అని హోరెత్తించాయి గానీ, 1956 చట్టంలో ఒక్క సెక్షన్ కూడా పోలేదు. కోర్టు చెప్పింది వేరు. వాళ్ళకూ గౌరవంగా బతికే హక్కుంది, పోలీసులు మర్యాదగా మాట్లాడాలి, అత్యాచారం జరిగితే అందరికీ అందే వైద్యం వాళ్ళకూ అందాలి, కండోమ్‌ను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు, వృత్తి బయటపెట్టకుండా ఆధార్ కార్డు ఇవ్వాలి. ఆధార్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. కానీ అది లేకపోతే బ్యాంకు ఖాతా కష్టం, ఖాతా లేకపోతే దాచుకున్న డబ్బు ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. కలకత్తా సోనాగాచిలో 1995లో వాళ్ళే 'ఉషా' అనే సహకార సంఘం పెట్టుకున్నది ఇందుకే. రోజు సంపాదనలో కొంత అందులో వేసుకుంటే వడ్డీ వ్యాపారి గుప్పిట్లోంచి బయటపడొచ్చు.

మరి పూర్తిగా నేరం కాదన్న చోట ఏమైంది? న్యూజిలాండ్ పార్లమెంటు 2003లో 60-59 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో, ఆ చట్టం చేసింది. నలుగురి దాకా కలిసి లైసెన్సు లేకుండా పని చేసుకోవచ్చు. ఆ తర్వాత జరిపిన సర్వేలో, గిరాకీని కాదనడం తేలికైందని 60 శాతానికి పైగా చెప్పారు. 2014లో ఒకామె తనను లైంగికంగా వేధించిన యజమాని మీద ట్రిబ్యునల్‌కు వెళ్ళి 25,000 డాలర్ల పరిహారం గెలుచుకుంది. బెల్జియంలో 2024 డిసెంబరు నుంచి ఉద్యోగ ఒప్పందం, ప్రసూతి సెలవు, పెన్షన్ కూడా ఉన్నాయి.

రేటు పెరుగుతుందా అంటే, నమ్మకం లేదు. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 2003 నుంచి 2009 దాకా నాలుగు గోడల మధ్య జరిగే వ్యభిచారం నేరం కాకుండా పోయింది. అక్కడ పరిశోధన చేసిన ఆర్థికవేత్తలకు కనిపించింది వ్యాపారం పెరగడం, ధర తగ్గడం. అయితే పోలీసులకు అందిన అత్యాచార ఫిర్యాదులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంటే లాభం రేటులో కాదు, మధ్యలో పోయే మామూళ్ళు, జరిమానాలు, బ్రోకరు వాటా తగ్గడంలో ఉంది.

హైదరాబాద్‌లో 'ప్రజ్వల' నడిపే సునీతా కృష్ణన్ లాంటివారు దీన్నంతా ఒప్పుకోరు. ఈ కూపంలోకి ఇష్టపడి వచ్చేవాళ్ళెందరు అని అడుగుతారు. ఆ ప్రశ్నను నేను పక్కన పెట్టలేను, నేను చూసిన అమ్మాయి ఇష్టపడి రాలేదు కదా. కానీ ఆమె కూడా జీతం అడిగింది.

ఇంకొకటి, మనలాంటి వలస జీవులు గమనించాల్సింది. అంత ఉదారమైన న్యూజిలాండ్ చట్టంలోనే 19వ సెక్షన్ ఉంది. తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్ళు ఈ పని చేయకూడదు, చేస్తే వీసా పోతుంది. మా కడప అమ్మాయి ఆక్లండ్‌లో దిగి ఉన్నా, బ్రోకరు ఆమెను అదే మాటతో బెదిరించి ఉండేవాడు.

ఎయిర్‌పోర్టులో మేం చందా వేసుకున్న ఐదొందల దిర్హాములు కవర్లో పెట్టి ఇచ్చాం. విప్పి రెండుసార్లు లెక్కపెట్టింది.

"ఇది జీతమా అక్కా, సాయమా?"

"సాయమేనమ్మా."

"అట్లయితే మల్లా తిరిగియ్యాల్నా?"