నదీముఖమున చెత్త పట్టు చక్రము

వాన కురిసినపుడు వీథులలోని చెత్త కాలువలలోనికిని, కాలువలనుండి నదులలోనికిని, తుదకు సముద్రములోనికిని చేరును. ఆకులు, కొమ్మలు కుళ్లిపోవును, ప్లాస్టిక్కు కుళ్లదు. ఎండకును అలల తాకిడికిని అది తునుకలై, కంటికి కానరాని నలుసులగును. ఆ నలుసులను సముద్రమున వలతో పట్టబోయినచో చిన్న చిన్న జలజీవులును చిక్కుకొనును. కావున నదీముఖముననే ప్లాస్టిక్కును అడ్డగించుట మేలు.

అమెరికాలోని బాల్టిమోర్ నగరమున జోన్స్ ఫాల్స్ అను చిన్న నది రేవులో కలియుచోట 2014లో ఇట్టి యంత్రమొకటి నెలకొల్పబడెను. దానిని రూపొందించినవారు జాన్ కెల్లెట్. నీటిపై తేలు అడ్డుకట్టలు చెత్తను యంత్రమువైపు మళ్లించును. నదీప్రవాహము పెద్ద చక్రమును త్రిప్పగా, ఆ బలముతో దంతెలు చెత్తను తిరుగుడు పట్టీపైకి లాగును. పట్టీ దానిని వెనుకనున్న బల్లకట్టుపైని పెట్టెలో పడవేయును. ప్రవాహము మందగించినపుడు సూర్యరశ్మివలన పుట్టిన విద్యుత్తుతో పంపులు చక్రముపైకి నీటిని తోడును.

తేలు వస్తువులే దీనికి చిక్కును. మునిగిన సంచియు, సన్నని నలుసును దాటిపోవును. అయినను ఈ యంత్రము మరియొక మేలు చేసినది. పెట్టెలో పడిన వస్తువులను రకములవారీగా అంచనా కట్టుచు వచ్చిరి. నురుగు ప్లాస్టిక్కు ఆహారపాత్రలను నిషేధింపవలెనని కోరినవారు ఆ లెక్కలను చూపిరి. 2019లో మేరీలాండ్ రాష్ట్రము అందులకు శాసనము చేయగా, 2020లో అది అమలులోనికి వచ్చెను. చక్రమెంత తిరిగినను, వీథిలో పారవేయుట తగ్గనిదే దాని పని తరగదు.