లోబీలియా పూల పెంపకము

శీతకాలము ప్రవేశింపగానే మన ఉద్యానములలో బంతి, చామంతి కన్నులపండువుగా పూయును. ఆ మళ్ళకు అంచుగా నిలుపదగిన చిన్న మొక్క లోబీలియా. జానెడు ఎత్తు మాత్రమే పెరిగి, ఆకులు కనబడనంతగా నీలిపూలతో నిండిపోవు ఏకవార్షికమిది. పూలలో అచ్చమైన నీలిరంగు అరుదు గనుక దీనిపై తోటమాలులకు మక్కువ ఎక్కువ. అయినను విత్తనముల పొట్లము కొని ఒక్క మొలకనైనను చూడక నిరాశపడువారు పెక్కుమంది. ఆ నిరాశకు కారణములను, నివారణోపాయములను ఇచట వివరింపదలచితిమి.

దీని జన్మభూమి దక్షిణాఫ్రికా. ఫ్లాండర్స్‌కు చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు మాథియాస్ డి లోబెల్ (1538–1616) పేరుమీదుగా ఈ ప్రజాతికి లోబీలియా అను పేరు వచ్చినది. 1753లో లిన్నేయస్ మన తోటమొక్కకు లోబీలియా ఎరినస్ అని నామకరణము చేసెను.

మొదటి చిక్కు కాలనిర్ణయములో నున్నది. ఇంగ్లండు తోటపుస్తకములు ఫిబ్రవరి ప్రాంతమున విత్తుమని చెప్పును. అచటి వేసవి చల్లనిది గనుక ఆ సలహా అచటికి తగును. మన ప్రాంతమున అట్లు విత్తినచో, పూయవలసిన వేళకు ఎండలు ముదిరి మొక్క మాడిపోవును. తెలంగాణ, ఆంధ్ర మైదానములలో సెప్టెంబరు చివరనుండి అక్టోబరు నడుమవరకు విత్తుట మేలు. విత్తిన మూడు నెలలకు పూత మొదలగును. జనవరి 26 నాటి జెండా పండుగకు మళ్ళు నిండుగా నుండును.

రెండవ చిక్కు విత్తనపు స్వభావము. ఇది నశ్యమువలె మెత్తన. గ్రాముకు 20,000కు పైగా గింజలుండును. ఇంత చిన్న గింజలో నిలువయుండు ఆహారము అత్యల్పము. పైగా ఇది మొలకెత్తుటకు వెలుతురు కావలెను. శనగను, చిక్కుడును పాతినట్లు దీనిని మట్టిలో పాతినచో, మొలక పైకి రాజాలదు. కావున ఎర్రమట్టి, ఇసుక, బాగుగా చివికిన ఆకు ఎరువు సమపాళ్ళలో కలిపి, జల్లించి, వెడల్పాటి తొట్టిలో నింపవలెను. చిటికెడు విత్తనమును పొడి ఇసుకతో కలిపి పైన చల్లి, చెక్కతో మెల్లగా అదిమిన చాలును. పైన మట్టి కప్పరాదు.

ఇక నీరు. పైనుండి పోసినచో గింజలన్నియు ఒక మూలకు కొట్టుకొనిపోవును. తొట్టిని నీళ్ళ పళ్ళెములో నుంచినచో అడుగు రంధ్రములగుండా తడి పైకెక్కును. పైమట్టి తడిసినంతనే తీసివేయవలెను. గాజుపలక కప్పి, ఎండ నేరుగా తగులని వెలుతురులో నుంచవలెను. ఉష్ణము 20 డిగ్రీల దరిదాపుల నున్నచో రెండు మూడు వారములలో పచ్చని నలుసులవలె మొలకలు తోచును. అప్పుడు పలక తీసివేయవలెను. గాలి ఆడనిచో, తడి మిక్కిలియైనచో, నారుకుళ్ళు తెగులు సోకి రాత్రికి రాత్రే నారంతయు ఒరిగిపోవును.

ఈ నారును ఒక్కొక్క మొక్కగా విడదీయుట కష్టము, అనవసరము కూడ. నాలుగైదు మొలకలను ఒక గుత్తిగా, చెంచా కాడతో మట్టితోసహా ఎత్తి నాటవలెను. రెండంగుళములు పెరిగిన పిమ్మట కొనలు తుంచినచో గుబురుగా పెరుగును. మడిలో గుత్తికిని గుత్తికిని ఐదారంగుళముల ఎడముండవలెను. ఉదయపు ఎండ మంచిది. మట్టి పూర్తిగా ఎండిపోనీయరాదు. మొదటి పూత వాడగానే మొక్కను సగమువరకు కత్తిరించి నీరు పెట్టినచో మరల పూయును. ఈ జాతి మొక్కలలో విషలక్షణము కలదు గనుక పసిపిల్లలను, పశువులను దూరముగా నుంచవలెను.

పొట్లము వెల స్వల్పమే. కాని అదను తప్పినచో పోవునది ఒక సంవత్సరము. కావున విద్యార్థులారా, విత్తనమంతయు ఒకేనాడు చల్లకుడు. సగము ముందుగా, మిగిలిన సగము రెండు వారముల తరువాత విత్తుడు. ఒక విడత చెడినను రెండవది మిగులును.